సామూహిక భావికల్పనలో సమన్వయకర్త పాత్ర: ‘ప్రజాతీర్పు’ (2001) - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

పలువురు ఒకచోట చేరి ఆలోచనలు పంచుకోవడం, రాబోయే కాలం ఎలా ఉండాలో కలసి ఊహించడం నేటి పాలన, విద్య, అభివృద్ధి రంగాలలో ఒక పద్ధతిగా స్థిరపడింది. అలా రూపొందిన భావిచిత్రాన్ని ‘ఉమ్మడి దార్శనికత’ అని వ్యవహరిస్తున్నారు. అయితే అది నిజంగా ఎంతవరకు ఉమ్మడిది? కూర్చున్నవారు తలలూపితే సరిపోతుందా? ఈ ప్రశ్నలను 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లా అల్గోల్ గ్రామంలో జరిగిన ‘ప్రజాతీర్పు’ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. సమన్వయకర్త చాతుర్యం కంటే, ముందుంచిన దృశ్యాలన్నింటినీ తోసిపుచ్చి తమదైన దృశ్యాన్ని నిర్మించుకొనే హక్కు సభ్యులకు ఉండటమే ఉమ్మడితనానికి గీటురాయి అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ గీటురాయిపై ప్రజాతీర్పు బలాన్నీ, పరిమితులనూ చర్చిస్తుంది.

కీలక పదాలు: మేధోమథనం, భావికల్పన, సమన్వయకర్త, ప్రజాతీర్పు, విజన్ 2020, అల్గోల్, చిన్న రైతులు.

1. ఉపోద్ఘాతం:

భవిష్యత్తును గురించి ఆలోచించడం మనిషికి సహజం. రైతు విత్తనం దాచిపెట్టడంలోనూ, తల్లి కూతురి చదువుకు డబ్బు కూడబెట్టడంలోనూ ఒక భావికల్పన ఉంది. అది వ్యక్తికి, కుటుంబానికి సంబంధించినది. ఒక ఊరు, ఒక సంస్థ, ఒక రాష్ట్రం తన భవిష్యత్తును ఊహించవలసి వచ్చినప్పుడు మాత్రం ‘ఎవరు ఊహించాలి?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. నిపుణులు ఊహించి ప్రజలకు చెప్పడం ఒక మార్గం. ప్రజలనే కూర్చోబెట్టి ఊహింపజేయడం మరొక మార్గం. ఈ రెండో మార్గంలో చర్చను నడిపించే వ్యక్తి అవసరమవుతాడు. అతడే సమన్వయకర్త.

సమన్వయకర్త ఎలా మెలగాలో చెప్పే కరదీపికలు అనేకం వచ్చాయి. అందరినీ మాట్లాడించాలి, ఎవరినీ నొప్పించకూడదు, గోడమీద కాగితాలు అంటించాలి, చివరికి ఏకాభిప్రాయం సాధించాలి అన్న ధోరణిలో అవి సాగుతాయి. ఈ సూచనలు పనికిరానివి కావు. కాని చర్చకు వచ్చే అంశాన్ని ఎవరు నిర్ణయించారు, చర్చ ముగిశాక దాన్ని ఎవరు వినాలి అన్న రెండు ప్రశ్నలను అవి సాధారణంగా దాటవేస్తాయి. తెలుగునేలపై జరిగిన ప్రయోగాలలో ఈ రెండు ప్రశ్నలనూ సూటిగా ముందుకు తెచ్చినది ప్రజాతీర్పు. అందుచేత ఈ పరిశీలనకు దానిని ఎన్నుకోవడం జరిగింది.

2. ‘మేధోమథనం’: పదం, భావన:

సమూహంగా ఆలోచనలు రాబట్టే పద్ధతికి ప్రచారం కల్పించినవాడు అమెరికాకు చెందిన ప్రకటనల రంగ ప్రముఖుడు అలెక్స్ ఆస్‌బోర్న్. 1953లో వెలువడిన ‘అప్లైడ్ ఇమాజినేషన్’ అనే గ్రంథంలో ఆయన నాలుగు నియమాలను వివరించాడు. ఆలోచన చెప్పేటప్పుడు విమర్శ చేయరాదు. ఎంత విపరీతమైన ఆలోచననైనా ఆహ్వానించాలి. సంఖ్య ఎంత పెరిగితే అంత మేలు. ఒకరి ఆలోచనకు మరొకరు చేర్పులు చేయాలి. ఈ పద్ధతిలో ఒక్కో మనిషికి తట్టే ఆలోచనలు రెట్టింపవుతాయని ఆయన విశ్వాసం.

శాస్త్రీయ పరీక్షలు ఈ విశ్వాసాన్ని బలపరచలేదు. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో టేలర్, బెర్రీ, బ్లాక్ జరిపిన ప్రయోగంలో, కలసి కూర్చున్న నలుగురి కంటే విడివిడిగా ఆలోచించిన నలుగురి జాబితాలను కలిపినప్పుడే ఎక్కువ ఆలోచనలు వచ్చాయి. 1987లో డీల్, స్ట్రోబె దీనికి కారణాలను పరిశీలించారు. ఒకరు మాట్లాడుతుండగా ఇతరులు తమ వంతు కోసం ఆగవలసి రావడం, ఆ నిరీక్షణలో ఆలోచన చెదిరిపోవడం ప్రధాన కారణమని తేల్చారు. నలుగురు సమానులైన విద్యార్థుల మధ్యనే వంతుల సమస్య ఇంతగా ఉంటే, భూస్వామి, కూలి, అధికారి, దళిత స్త్రీ ఒకే చాపమీద కూర్చున్నప్పుడు అది ఎంతగా ఉంటుందో ఊహించవచ్చు. అక్కడ వంతు కోసం ఆగడం క్షణాల మాట కాదు, తరాల మాట.

తెలుగులో ఈ పద్ధతికి ‘మేధోమథనం’ అన్న పదం వాడుకలో ఉంది. ఇంగ్లీషు పదంలో తుఫాను ధ్వనిస్తే, తెలుగు పదంలో క్షీరసాగర మథనం స్ఫురిస్తుంది. పోతన భాగవతం అష్టమ స్కంధం ద్వారా తెలుగువారికి చిరపరిచితమైన ఆ కథను ఈ సందర్భంలో మరొకసారి గమనించాలి. దేవతలు, దానవులు కలసి చిలికారు. శ్రమ ఉమ్మడిది. మొదట పుట్టింది అమృతం కాదు, హాలాహలం. చివరికి అమృతం వచ్చినప్పుడు పంక్తులు తీర్చి వడ్డించినది మోహిని. ఆమె వడ్డనలో ఒక పక్షానికి అమృతం దక్కింది, మరొక పక్షానికి దక్కలేదు. పురాణ దృష్టిలో దానికి ధర్మసమర్థన ఉంది. అయితే సామూహిక చర్చకు ఆ కథను పోలికగా తీసుకున్నప్పుడు మాత్రం మూడు హెచ్చరికలు కనిపిస్తాయి. శ్రమలో భాగస్వామ్యం ఉన్నంతమాత్రాన ఫలంలో భాగస్వామ్యం ఉన్నట్లు కాదు. చేదు అనుభవాలు బయటికి రాకుండా మంచి ఆలోచనలు రావు. వడ్డించే చేయి నిష్పాక్షికమని ముందుగానే అనుకోరాదు. సమన్వయకర్త స్థానం మోహిని స్థానమే. ఈ మూడు హెచ్చరికలనూ ఈ వ్యాసంలో పరిశీలనకు ఆధారంగా స్వీకరించడమైనది.

3. భావికల్పన పద్ధతులు - రెండు నమూనాలు:

ఆలోచనలు రాబట్టడం వేరు, భవిష్యత్తును కల్పన చేయడం వేరు. మొదటిది జాబితాతో ముగుస్తుంది. రెండోదానికి కథనం కావాలి. ఈ రెండో రకానికి చెందిన రెండు నమూనాలను ఇక్కడ పరిశీలించాలి.

మొదటిది రాబర్ట్ యుంగ్, నార్బర్ట్ ముల్లెర్ట్ జర్మన్ భాషాప్రాంతంలో రూపొందించిన ‘భవిష్యత్ కార్యశాల’. ఇందులో మూడు ప్రధాన దశలు ఉన్నాయి: విమర్శ, కల్పన, ఆచరణ. సభ్యులు ముందుగా తమ అసంతృప్తులను, కష్టాలను చెప్పుకుంటారు. తరువాత సాధ్యాసాధ్యాలను పక్కనపెట్టి కోరుకున్న లోకాన్ని ఊహిస్తారు. ఆపై దానిలో ఏది ఎలా సాధ్యమో ఆలోచిస్తారు. ఆస్‌బోర్న్ విమర్శను నిషేధించగా, యుంగ్ విమర్శతోనే ప్రారంభించాడు. ఒకరి ఆలోచనను ఖండించే విమర్శ, ఉన్న పరిస్థితిని ప్రశ్నించే విమర్శ రెండూ ఒకటి కావు. యుంగ్ ప్రారంభించినది రెండోదానితో. హాలాహలం ముందు వెలువడాలన్న సూత్రం ఈ దశాక్రమంలో ఇమిడి ఉంది.

రెండోది దక్షిణాఫ్రికాలోని ‘మాంట్ ఫ్లూర్’ ప్రయోగం. వర్ణవివక్ష పాలన ముగింపు దశలో, 1991-92లలో, వేర్వేరు రాజకీయ పక్షాలకు, రంగాలకు చెందిన 22 మంది సమావేశమై దేశ భవిష్యత్తుపై నాలుగు కథనాలు అల్లారు. వాటికి ‘నిప్పుకోడి’, ‘కుంటి బాతు’, ‘ఇకారస్’, ‘ఫ్లెమింగోల ఎగురుట’ అని పేర్లు పెట్టారు. ఆడం కహేన్ సమన్వయకర్తగా వ్యవహరించాడు. ఆ గదిలో కూర్చున్న ట్రెవర్ మాన్యుయెల్ 1996లో ఆర్థికమంత్రి అయ్యాడు. టిటో మ్బొవేని తరువాత కేంద్ర బ్యాంకుకు గవర్నరు అయ్యాడు. అంటే ఊహించినవారిలో కొందరికి నిర్ణయించే అవకాశం కూడా దక్కింది. ఆ ప్రయోగానికి వచ్చిన పేరులో ఈ అంశానికి గల పాత్రను తక్కువగా అంచనా వేయరాదు.

ఈ రెండు నమూనాల మధ్య తేడా స్పష్టం. ఒకటి సామాన్యుల ఊహకు చోటిచ్చింది. మరొకటి నిర్ణేతలు కాబోయేవారి ఊహను మలచింది. సామాన్యులు ఊహించి, నిర్ణేతలు వినే ఏర్పాటు ఎలా ఉంటుందన్న ప్రశ్న మిగిలింది. అల్గోల్‌లో జరిగినది ఈ ప్రశ్నకు సమాధానం వెదికే ప్రయత్నం.

4. నేపథ్యం - విజన్ 2020:

1999లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘విజన్ 2020’ అనే దార్శనిక పత్రాన్ని విడుదల చేసింది. దాని రూపకల్పనలో మెకిన్సీ అనే అంతర్జాతీయ సలహా సంస్థ పాలుపంచుకొన్నది. వ్యవసాయంలో యాంత్రీకరణ, ఒప్పంద సేద్యం, భూముల ఏకీకరణ, జన్యుపరివర్తిత పంటలు వంటి మార్పులకు ఆ దార్శనికత దారి చూపింది. వ్యవసాయంపై ఆధారపడిన జనాభా 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గాలన్నది దానిలోని ముఖ్యమైన ప్రతిపాదన.

ఈ ప్రతిపాదనను ఒక రచనగా తీసుకొని పరిశీలిస్తే ఒక విషయం తోస్తుంది. ‘తగ్గింపు’ అనే నామపదంలో కర్త కనిపించడు. ఎవరు తగ్గుతారు? ఎవరు తగ్గిస్తారు? తగ్గినవారు ఎక్కడికి పోతారు? వాక్యాన్ని క్రియాపదంతో రాస్తే ఈ ప్రశ్నలు తప్పించుకోలేనివి. నామపదంతో రాస్తే అవి మరుగున పడతాయి. ఆధునికీకరణ, ఏకీకరణ, సరళీకరణ వంటి పదాలు దార్శనిక పత్రాల భాషలో విరివిగా కనిపించడానికి ఇది ఒక కారణం. పత్రం భవిష్యత్తును గురించి చెబుతున్నా, ఆ భవిష్యత్తులో నివసించే మనిషి వాక్యంలో ఉండడు.

కోట్లాది మందికి సంబంధించిన ఈ ప్రతిపాదనపై ఆ కోట్లాది మందిలో కొందరైనా తీరికగా ఆలోచించి అభిప్రాయం చెప్పే వేదిక ఉండాలన్న భావనతో ప్రజాతీర్పు రూపుదిద్దుకొంది.

5. ప్రజాతీర్పు - నిర్వహణ క్రమం:

ప్రజాతీర్పు 2001 జూన్ చివరివారంలో అల్గోల్ గ్రామంలో జరిగింది. జహీరాబాద్ సమీపంలోని ఈ గ్రామం నేడు తెలంగాణలోని సంగారెడ్డి జిల్లాలో ఉంది. జీవవైవిధ్య పరిరక్షణ కోసం కృషిచేస్తున్న రాష్ట్రస్థాయి సంస్థల కూటమి, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, బ్రిటన్‌కు చెందిన రెండు పరిశోధన సంస్థలు దీని నిర్వహణలో పాల్గొన్నాయి. మిషెల్ పింబర్ట్, టామ్ వేక్‌ఫర్డ్ దీనిపై నివేదిక రచించారు.

నిర్ణేతల బృందంలో ఇరవైమందికి మించి లేరు. వారిలో అత్యధికులు చిన్న, సన్నకారు రైతులు. మూడింట రెండు వంతులకు పైగా స్త్రీలు. దళితులకు, ఆదివాసీలకు అందులో ప్రాధాన్యం లభించింది. సాధారణ ప్రభుత్వ సదస్సులలో ఈ వర్గాలకు ‘లబ్ధిదారులు’ అన్న పేరే దక్కుతుంది. ఇక్కడ వారు తీర్పరులు. అధికారులు, శాస్త్రవేత్తలు, వ్యాపార సంస్థల ప్రతినిధులు వారి ఎదుట సాక్షులుగా నిలిచి ప్రశ్నలకు జవాబులు చెప్పవలసి వచ్చింది. ప్రశ్న అడిగే హక్కు చేతులు మారడం ఈ ప్రయోగంలోని మొదటి విశేషం.

నిర్ణేతలకు మూడు భావిదృశ్యాలను వీడియోల రూపంలో చూపారు. మొదటిది విజన్ 2020 సూచించిన మార్గం. రెండోది ఎగుమతుల కోసం సేంద్రియ పద్ధతిలో వాణిజ్య పంటలు పండించే మార్గం. మూడోది స్థానిక అవసరాలకు స్థానికంగా పండించుకొనే, గాంధీ స్వదేశీ భావనకు దగ్గరగా ఉండే మార్గం. రాతపై కాక దృశ్యంపై ఆధారపడటం వల్ల చదువురానివారికి కూడా మూడు మార్గాలూ సమానంగా అందుబాటులోకి వచ్చాయి.

ఈ మూడింటిలో ఒకదానిని ఎన్నుకోవలసిందేనన్న నిర్బంధం లేదు. మూడింటినీ కాదనవచ్చు. ఒక్కొక్క దానినుంచి కొన్ని అంశాలు తీసుకొని నాలుగో దృశ్యాన్ని నిర్మించుకోవచ్చు. ఈ ప్రయోగంలోని రెండో విశేషం ఇది. ఈ వ్యాసం దృష్టిలో అత్యంత ముఖ్యమైనది కూడా ఇదే. సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన ఏర్పడిన పర్యవేక్షక సంఘం చర్చ న్యాయంగా సాగుతున్నదో లేదో గమనించింది. మోహిని వడ్డనను కూడా ఒకరు చూస్తుండాలన్న వివేకం ఈ ఏర్పాటులో ఉంది. ఇది మూడో విశేషం.

6. తీర్పు - పరిశీలన:

6.1. వ్యతిరేకించినవి:

వ్యవసాయంపై ఆధారపడినవారి సంఖ్యను 70 నుంచి 40 శాతానికి తగ్గించడాన్ని నిర్ణేతలు వ్యతిరేకించారు. భూముల ఏకీకరణను, దానివల్ల కలిగే నిర్వాసితత్వాన్ని వద్దన్నారు. కూలీల పని పోగొట్టే యంత్రాలను, ఒప్పంద సేద్యాన్ని తిరస్కరించారు. బీటీ పత్తి, ‘ఎ’ విటమిన్ చేర్చిన వరి వంటి జన్యుపరివర్తిత పంటలు తమకు అక్కరలేదన్నారు. ఔషధ మొక్కలపై తమ అదుపు పోవడాన్ని, వాటి ఎగుమతిని అంగీకరించలేదు.

ఈ జాబితాను అభివృద్ధి వ్యతిరేకతగా చదవడం సులభం. నిశితంగా చూస్తే వీటన్నింటినీ కలిపే సూత్రం ఒకటుంది. అది అదుపు. భూమి, శ్రమ, విత్తనం, మొక్క అన్నవాటిలో ఏది ఇతరుల చేతికి పోతుందో దానినే వారు వద్దన్నారు. యంత్రాన్ని యంత్రం కాబట్టి కాదు, కూలి పోగొట్టేది కాబట్టి వద్దన్నారు. ఈ విచక్షణ కేవలం భావోద్వేగం నుంచి వచ్చేది కాదు.

6.2. కోరుకొన్నవి:

ఆహారంలో, సేద్యంలో స్వావలంబన, వనరులపై గ్రామ సమాజాల అదుపు, ఆరోగ్యవంతమైన నేలలు, పంటలు, చెట్లు, పశువులలో వైవిధ్యం, స్థానిక జ్ఞానం, నైపుణ్యాలు, సంస్థల ఆధారంగా ముందుకు సాగడం - ఇవి నిర్ణేతలు కోరుకొన్న భవిష్యత్తులోని ప్రధానాంశాలు. ఇది మూడో వీడియోకు దగ్గరగా ఉన్నదన్న మాట నిజం. ఈ దగ్గరితనాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్నది తరువాతి విభాగంలో చర్చించబడుతుంది.

6.3. భవిష్యత్తు - తద్ధర్మం:

ఇక్కడ తెలుగు వ్యాకరణం నుంచి ఒక అంశాన్ని ప్రస్తావించడం సముచితం. చిన్నయసూరి బాలవ్యాకరణం భవిష్యదర్థాన్ని, తద్ధర్మార్థాన్ని వేరువేరుగా పరిగణించింది. నేటి వ్యవహారంలో ఈ రెండింటికీ సాధారణంగా ఒకే రూపం చెల్లుతుంది. ‘మేము జొన్న వేస్తాం’ అంటే ఏటా వేస్తామనీ అర్థమే, రాబోయే వానకాలంలో వేస్తామనీ అర్థమే. అలవాటుకూ భవిష్యత్తుకూ మధ్య వాడుకభాష గోడ కట్టలేదు.

దార్శనిక పత్రం భవిష్యత్తును వర్తమానం నుంచి తెగిపోయిన గమ్యంగా చూపుతుంది. నిర్ణేతలు కోరుకొన్న భవిష్యత్తు దీనికి భిన్నం. తాము ఇప్పటికే చేస్తున్నదానిని బలపరచుకొంటూ సాగే కాలం అది. జహీరాబాద్ ప్రాంతంలో దళిత స్త్రీల సంఘాలు పాత విత్తనాలను భద్రపరచడం, చిరుధాన్యాలను పండించి పంచుకోవడం అప్పటికే ఆచరణలో ఉన్న విషయాలు. ఆచరణలో ఉన్నదానిని భవిష్యత్తుగా ప్రకటించడంలో ఊహాలోపం ఉందని కొందరు భావించవచ్చు. నిజానికి అది మరొక రకమైన ఊహ. లేనిదానిని ఊహించడమే కల్పన అన్న నిర్వచనానికి మన భాష వ్యవహారమే ఒక సవరణ సూచిస్తున్నది. సమన్వయకర్త కొత్తదనం కోసం పట్టుబడితే ఈ రకమైన కల్పన నమోదు కాకుండా పోయే ప్రమాదం ఉంది.

7. పరిమితులు - చర్చ:

7.1. వేదిక, పరిసరం:

ప్రజాతీర్పు జరిగిన ప్రాంతం చిరుధాన్యాల సేద్యానికి, స్త్రీల సంఘాల ఉద్యమానికి పేరుపొందినది. నిర్వాహక కూటమికి జీవవైవిధ్యం విషయంలో స్పష్టమైన వైఖరి ఉంది. అటువంటి వాతావరణంలో మూడో దృశ్యం వైపు నిర్ణేతలు మొగ్గడం సహజమేనన్న ఆక్షేపణను తేలికగా కొట్టివేయరాదు. సాక్షుల ఎంపిక, పర్యవేక్షక సంఘం వంటివి ఈ మొగ్గును కొంత తగ్గించి ఉండవచ్చు, పూర్తిగా తొలగించలేవు. అయితే విజన్ 2020 తయారైన గదులు కూడా తటస్థమైనవి కావన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. తటస్థమైన వేదిక ఎక్కడా లేదు. కనుక సమన్వయకర్త తన మొగ్గును దాచకుండా ముందుగా ప్రకటించడం, దానికి ఎదురునిలిచే సాక్షులను తానే ఆహ్వానించడం మాత్రమే ఆచరణసాధ్యమైన న్యాయం.

7.2. ప్రాతినిధ్యం:

ఈ నివేదిక వెలువడ్డాక బ్రిటన్ ప్రభుత్వ అభివృద్ధి సహాయ శాఖ వైపు నుంచి దాని ప్రామాణికతపై, నిర్ణేతల ప్రాతినిధ్యంపై అభ్యంతరాలు వచ్చాయి. ఇరవైమందికి మించని బృందం కోట్లమందికి ప్రతినిధి కాగలదా అన్నది సమంజసమైన ప్రశ్నే. సంఖ్యాశాస్త్ర రీత్యా కాలేదు. కాని న్యాయస్థానంలో జ్యూరీ కూడా జనాభా నమూనా కాదు. సాక్ష్యం విని, ప్రశ్నించి, కారణాలు చెప్పడం దాని పని. ప్రజాతీర్పును అభిప్రాయ సేకరణగా చదివితే విఫలం, విచారణగా చదివితే సఫలం. దానిని ‘రాష్ట్ర రైతుల అభిప్రాయం’ అని ప్రచారం చేసినవారు, ‘కొద్దిమంది మాట’ అని తోసివేసినవారు ఇద్దరూ ఒకే పొరపాటు చేశారు.

7.3. బీటీ పత్తి అనుభవం:

ఈ ప్రయోగాన్ని అభిమానించేవారు సాధారణంగా చర్చించని విషయం ఇది. తీర్పు వెలువడిన తొమ్మిది నెలలకు, 2002 మార్చిలో, బీటీ పత్తి వాణిజ్య సాగుకు కేంద్రం అనుమతించింది. తరువాతి దశాబ్దంలో దేశంలోని పత్తి విస్తీర్ణంలో అత్యధిక భాగం ఆ విత్తనాల కిందికి వచ్చింది. తెలుగు ప్రాంతాల రైతులు కూడా దానిని విస్తృతంగా స్వీకరించారు. అంటే నిర్ణేతలు వద్దన్నదానిని తోటి రైతులు తీసుకొన్నారు. ఇది తీర్పును పూర్వపక్షం చేస్తుందా?

రెండు సమాధానాలు సాధ్యం. మార్కెట్లో వేరే విత్తనం దొరకని స్థితిలో, పక్కచేను వాడు వేశాడన్న ఒత్తిడిలో, అప్పు తీర్చాలన్న ఆతురతలో చేసే ఎంపికను, తీరికగా సాక్ష్యం విని చెప్పిన నిర్ణయంతో సమానం చేయలేం. ఇది మొదటి సమాధానం. ఇందులో సత్యం ఉన్నా, రైతు చేతలను కాదని రైతు మాటలనే ప్రమాణంగా తీసుకొనే సౌకర్యం కూడా ఉంది. జొన్న, కొర్ర పండించే మెట్టరైతు ఆశలు, 1990లలో పురుగుమందుల ఖర్చుతో చితికిపోయిన వరంగల్ పత్తిరైతు ఆశలు ఒకటి కావు. పురుగుమందు తగ్గుతుందన్న మాట రెండోవాడికి జీవన్మరణ సమస్య. ప్రజాతీర్పు చిన్నరైతుల మధ్య ఉన్న ఈ తేడాలను ఏకవాక్యంలో కలిపివేసింది. ఇది రెండో సమాధానం. ఈ వ్యాసం దీనివైపే మొగ్గుతున్నది. ఏకాభిప్రాయం కోసం చూపే తొందర భిన్నస్వరాలను అణచుతుంది. అందరూ ఒప్పుకొన్న అంశాల పక్కన, ఒప్పుకోని అంశాలను కూడా అంతే గౌరవంతో నమోదు చేసి ఉంటే తీర్పు మరింత బలపడేది.

7.4. వినవలసినవారు:

మాంట్ ఫ్లూర్ గదిలో కాబోయే మంత్రులు కూర్చున్నారు. అల్గోల్‌లో అధికారులు సాక్ష్యం చెప్పారు, కాని తీర్పుకు బదులు చెప్పవలసిన బాధ్యత ఎవరికీ లేదు. తీర్పు ప్రపంచానికి ప్రధానంగా ఇంగ్లీషు నివేదిక ద్వారా తెలిసింది. దానిపై జరిగిన వాదోపవాదాలు కూడా ఎక్కువగా బ్రిటన్‌లోనే సాగాయి. తెలుగులో పలికిన మాట తెలుగునాట శాసనసభకో, పంచాయతీకో చేరి జవాబు పొందే మార్గం ఏర్పడలేదు. కాలక్రమంలో జహీరాబాద్ పరిసరాలలోని ఝరాసంగం, న్యాల్కల్ మండలాలలో జాతీయ పెట్టుబడి, ఉత్పాదక మండలి కోసం వేలాది ఎకరాల భూసేకరణ ప్రారంభమైంది. భూమిపై అదుపు కోరిన తీర్పు వెలువడిన నేలకు పొరుగునే ఇది జరగడం, వినే బాధ్యత లేని చోట సామూహిక కల్పనకు పట్టే గతిని సూచిస్తుంది.

8. సమన్వయకర్తకు సూచనలు:

పై పరిశీలన నుంచి సామూహిక భావికల్పనను నడిపేవారికి కొన్ని సూచనలు చేయవచ్చు. ఇవి రాష్ట్రస్థాయి సదస్సుకే కాదు, గ్రామసభకు, పాఠశాల యాజమాన్య కమిటీకి, మహిళా సంఘ సమావేశానికి కూడా వర్తిస్తాయి.

మొదటగా, కలసి మాట్లాడటానికి ముందు విడిగా ఆలోచించే సమయం ఇవ్వాలి. యేల్ ప్రయోగం చెప్పిన పాఠం ఇది. మాటకారి కాని వ్యక్తికి, ఎదుటివారి హోదాకు జంకే వ్యక్తికి ఈ ఏకాంతమే తొలి రక్షణ. రాయలేనివారు బొమ్మతోనో, గింజలతోనో, ముగ్గుతోనో తమ ఆలోచన చూపవచ్చు.

రెండవది, చేదును ముందు వెలువడనివ్వాలి. ‘సమస్యలు వద్దు, పరిష్కారాలు చెప్పండి’ అనే సమన్వయకర్త ఉత్సాహం మంచిదే అయినా, కష్టం చెప్పుకోనివారు కలను కూడా మనస్ఫూర్తిగా చెప్పరు.

మూడవది, ముందుగా సిద్ధం చేసిన దృశ్యాలు చూపినప్పుడు ‘ఇవేవీ కావు’ అనే అవకాశం స్పష్టంగా ఉండాలి. ఆ అవకాశాన్ని వాడుకొనేందుకు తగిన వ్యవధి కూడా ఉండాలి. చివరి అరగంటలో ఇచ్చే స్వేచ్ఛ స్వేచ్ఛ కాదు.

నాల్గవది, ఏకాభిప్రాయంతోపాటు భిన్నాభిప్రాయాన్ని పేరుపేరునా కాకపోయినా కారణాలతో సహా రాసి ఉంచాలి. అది ఓటమి గుర్తు కాదు. రేపటి చర్చకు విత్తనం.

అయిదవది, సభ ప్రారంభానికి ముందే ఈ మాటను ఎవరు, ఎప్పటిలోగా, ఏ రూపంలో విని జవాబు చెబుతారో తేల్చుకోవాలి. అది తేలకపోతే సభ పెట్టకపోవడం మేలు. ఊహించమని పిలిచి, ఊహను వినకపోవడం అసలు పిలవకపోవడం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. మరుసటిసారి పిలుపుకు జనం రారు, వచ్చినా మాట్లాడరు.

9. ముగింపు:

విజన్ 2020 గడువు ముగిసింది. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘స్వర్ణాంధ్ర 2047’ పత్రాన్ని విడుదల చేసింది. దేశస్థాయిలోనూ 2047ను గమ్యంగా పెట్టుకొన్న దార్శనికతలు రూపొందుతున్నాయి. ప్రజల సూచనలు స్వీకరించామన్న మాట ఇటువంటి పత్రాలలో ఇప్పుడు తప్పనిసరిగా వినిపిస్తున్నది. ఇది 1999తో పోలిస్తే మార్పే. అయితే సూచన పెట్టెలో చీటీ వేయడం వేరు, సాక్షిని నిలదీసి తీర్పు చెప్పడం వేరు. ఎంతమంది సూచనలు పంపారన్న లెక్క కంటే, వచ్చిన సూచన వల్ల పత్రంలో ఏ వాక్యం మారిందన్న లెక్క ముఖ్యం.

ప్రజాతీర్పు లోపరహితమైన ప్రయోగం కాదు. దాని వేదిక తటస్థం కాదు, దాని ఏకస్వరం పూర్తి సత్యం కాదు, దాని తీర్పు వినవలసినవారి తలుపు దాటలేదు. అయినా చిన్నరైతులు, అందులోనూ దళిత, ఆదివాసీ స్త్రీలు, రాష్ట్ర భవిష్యత్తుపై నిపుణులను ప్రశ్నించి, చూపిన మార్గాలను తూచి, తమ మార్గాన్ని తమ మాటల్లో చెప్పిన సందర్భంగా దానికి తెలుగువారి ప్రజాస్వామ్య చరిత్రలో స్థానం ఉంది. నలుగురూ ఒకే కలను ఒప్పుకొన్నారా అన్నదానిపై ఉమ్మడితనం ఆధారపడదు. ఇచ్చిన కలను కాదనగలిగారా, కాదన్న తరువాత కూడా వారి మాట లెక్కలోకి వచ్చిందా అన్నవే దానికి కొలతలు. మొదటి కొలతకు అల్గోల్ నిలిచింది. రెండో కొలతకు నిలవవలసినవారు అల్గోల్ వెలుపల ఉన్నారు.